చలవమ్మ చెయ్యి

జూన్ 11

ఒప్పుకున్నాను. బడికి నూరేళ్ళు నిండుతున్నాయి, ప్రత్యేక సంచిక వేస్తున్నారు. అందులో ఆవరణలోని పాలరాతి విగ్రహం చరిత్ర నేను రాయాలి. వాళ్ళమ్మ చదివిన బడి కాబట్టే ఒప్పుకున్నానని అమ్మాయి అనుకుంటోంది. కాదు. రిటైరయ్యాక పొద్దున్నే పేపరు చదవడం తప్ప నాకు పని లేదు. ఆ పేపర్లో తప్పులు పట్టినా చెప్పుకునే దిక్కు లేదు.

అమ్మాయి ఇంకో మాట కూడా అడిగింది. అమ్మ పోయి ఏడాది కావస్తోంది, గోడకు ఏ ఫోటో పెడదామని. మంచిది దొరకలేదన్నాను. నిజంగానే దొరకలేదు.

జూన్ 14

విగ్రహం చూశాను. చూసింది చూసినట్టు రాసుకుంటున్నాను.

నిలువెత్తు ఆడమనిషి. తెల్ల పాలరాయి, భుజాల మీద వాన చారలు. పైన రాతిపందిరి. కుడిచెయ్యి మోచేతి దగ్గర వంచి ముందుకు చాచింది, అరచెయ్యి పైకి. వేళ్ళు దగ్గరగా ఉన్నాయి, బొటనవేలు పక్కకి అంటుకుని ఉంది. తల కొద్దిగా ఎడమకు తిరిగి కిందికి వాలింది. కళ్ళు దాదాపు మూసినట్టే. కింద పలక మీద పేరు, రెండు తేదీలు, ‘పిల్లల కోసం ప్రాణమిచ్చిన ఉపాధ్యాయిని’ అని ఒక్క వాక్యం. వానకు తరగతి గది కప్పు కూలుతుంటే ఆవిడ పిల్లల్ని బయటికి నెట్టి, తాను లోపలే ఉండిపోయింది.

పాత సంచికలన్నీ తిరగేశాను. ‘కరుణతో వాలిన చూపు’ అని ఒకరు, ‘దీవించే హస్తం’ అని ఒకరు, ‘అడక్కుండానే ఇచ్చే చెయ్యి’ అని ఇంకొకరు. విశేషణాలు బోలెడు. చెక్కిందెవరో, ఏం చూసి చెక్కారో ఒక్కరూ రాయలేదు.

అరచెయ్యి దగ్గర మాత్రం ఆగిపోయాను. మిగతా రాయి గరుకు. అదొక్కటే వాడిన సబ్బుబిళ్ళలా అరిగి, నున్నగా, గుంటపడి ఉంది. ఎందుకని పాత విద్యార్థుల సంఘం కార్యదర్శిని అడిగాను. బ్యాంకు మేనేజరుగా చేసి దిగిన మనిషి. బడి స్నేహితులు ఇప్పటికీ ఆయన్ని ‘ఎడంచెయ్యి’ అనే పిలుస్తారు. బెత్తం దెబ్బలకి ఎప్పుడూ ఎడంచెయ్యే చాచేవాడట, కుడిచెయ్యి రాసుకోవడానికి దాచుకుని. చెప్పి ఆయనే నవ్వాడు.

ఆ రోజుల్లో దెబ్బలు తిన్నవాళ్ళంతా విరామం గంట కొట్టగానే విగ్రహం దగ్గరికి పరిగెత్తి, కందిన అరచెయ్యి ఆ రాతి అరచేతిలో పెట్టేవాళ్ళట. నడి ఎండలో కూడా రాయి చల్లగా ఉండేది. వరస కట్టి నిలబడేవాళ్ళు. ఎక్కువ దెబ్బలు తిన్నవాడిదే ముందు వంతు. "నేను వరసలో నిలబడిన గుర్తు లేదండీ, ఎప్పుడూ ముందే," అన్నాడు ఎడంచెయ్యి.

ఇప్పుడు బెత్తాలు లేవు. అయినా పిల్లలు పరీక్షకు వెళ్తూ ఆ చేతిలో చెయ్యి పెట్టి వెళ్తారు. ఎందుకో వాళ్ళకు తెలీదు. పలక మీద పేరు కూడా ఎవరికీ తెలీదు. అప్పటి వాళ్ళకీ ఇప్పటి వాళ్ళకీ ఆవిడ చలవమ్మ.

జూన్ 15

చలవమ్మ.

ఆస్పత్రిలో చివరి వారం, జ్వరంలో, నా భార్య మంచం ఇనపకమ్మీ మీద అరచెయ్యి ఆనించి ఆ మాటే అనేది. తన వైపు దూరపు చుట్టమేమో అనుకున్నాను. కబురు పెట్టమంటావా అని అడిగాను కూడా.

రేపు పాత పేపర్లు చూడాలి.

జూన్ 22

టీచరు ఫోటో దొరికింది. ఆవిడ ఫోటో అంటూ ఒకటి ఉందని బడికే తెలీదు. ట్రైనింగులో ఆవిడతో కలిసి చదివిన ఒకామె ఇంట్లో, గోడకు గ్రూపు ఫోటో ఉంది. కింద వరసవారీగా పేర్లు అచ్చేసి ఉన్నాయి. కళ్ళజోడు, పలక లాంటి దవడ, కెమెరాకే పాఠం చెబుతున్నట్టు సూటి చూపు. విగ్రహానిది కోలముఖం, చిన్న గడ్డం. రెంటికీ ఏ కోశానా పోలిక లేదు.

పేర్లు తారుమారయ్యాయేమోనని ఆవిడ దగ్గర చదివిన ఒక పెద్దాయనకు చూపించాను. ఎనభైకి దగ్గర పడ్డ మనిషి. "అమ్మో, ఆవిడే," అన్నాడు. అంటూనే రెండు చేతులూ ఒళ్ళో దాచుకున్నాడు.

జూన్ 23

ఎడంచెయ్యికి చెప్పేశాను. మీ విగ్రహం ముఖం మీ టీచరుది కాదు, ఇదుగో రుజువు అని. ఉద్యోగమంతా ఒక్కటే పద్ధతి పాటించాను. తప్పు కనిపిస్తే మర్నాటి పేపర్లో సవరణ పడాలి. ఎవరు నొచ్చుకున్నా సరే.

ఆయన నొచ్చుకోలేదు. ఫోన్లో ఫోటో తీసుకుని అక్కడికక్కడే సంఘం వాళ్ళందరికీ పంపాడు. చాలాకాలం తర్వాత పనిచేసినట్టనిపించింది. ఇంటికొచ్చి ఆ మాట నా భార్యకు చెబుదామని తలుపు తీశాను.

జూన్ 27

కొండను తవ్వి ఎలుకను పట్టాననుకున్నాను. పట్టింది ఎలుక కాదు.

సంఘం తీర్మానం చేసింది. ఉత్సవం లోపల విగ్రహం ముఖాన్ని ఫోటో ప్రకారం మళ్ళీ చెక్కిస్తారట. చెయ్యి కూడా ‘సరి చేసి’ అందులో పుస్తకం పెడతారట, ఫోటోలో ఆవిడ చేతిలో ఉంది కాబట్టి. శిల్పిని పిలిపించారు. హుషారైన మనిషి. విగ్రహం చెంపల్ని కొలకర్రతో కొలుస్తూ, రాయిలో సవరణంటే తీసెయ్యడమే తప్ప కలపడం ఉండదని చెప్పాడు. దవడ కనబడాలంటే చెంపలు లోపలికి పోవాలి, కళ్ళజోడు రావాలంటే ముఖమంతా కాస్త వెనక్కి వెళ్ళాలి. "మనిషి కొంచెం చిక్కినట్టు ఉంటుంది సార్, అంతే. జబ్బు చేసి లేచిందనుకోండి."

అందరూ నవ్వారు. నేను గేటు బయటికొచ్చి నిలబడ్డాను.

దగ్గరి బంధువు ఎవరైనా ఒప్పుకోలు సంతకం పెడితే మంచిదని ఎడంచెయ్యి అన్నాడు. ఎలాగూ తవ్వుతున్నారు కదా, అదీ మీరే తవ్వండి అన్నాడు.

జూలై 3

తవ్వాల్సిన పనే లేదు. టీచరుగారి చెల్లెలు బడి గేటుకు ఎదురుగానే ఉంది. యూనిఫారాలు కుట్టే దుకాణం ఆవిడదే. ఇప్పుడు కింద మిషన్లు కోడలు చూసుకుంటుంది, ఈవిడ పై గదిలో కిటికీ పక్కన కూర్చుని బొత్తాలు కుడుతుంది.

గుమ్మంలో నిలబడగానే నా ముఖం కాదు, భుజాలు చూసింది.

"కుడిభుజం దిగింది. సంచీ అటే తగిలించుకుంటారా బాబూ?"

అవునన్నాను.

"మీ దర్జీ అది చూసుకోలేదు," అంది. ఆ తర్వాతే కూర్చోమంది.

ఫోటో చేతికిచ్చాను. దగ్గరగా పెట్టుకుని చూసింది. అక్క అని చెప్పక్కర్లేకపోయింది. తల్లి చిన్నప్పుడే పోతే ఆ అక్కే పెంచిందట, ఆ బడిలోనే చదివించిందట, తన క్లాసులోనే కూర్చోబెట్టుకుందట. మరి విగ్రహం ముఖం ఎవరిదని అడిగాను.

"నాదే కదా," అంది, ఇందులో అడగడానికేముందన్నట్టు.

అక్క పోయినప్పుడు ఇంట్లో ఒక్క ఫోటో లేదు. వేరే ఊరి నుంచి వచ్చిన శిల్పికి ఏదో ఒక ముఖం కావాలి. అక్కచెల్లెళ్ళు ఒకే అచ్చులో పడి ఉంటారని అప్పటి పెద్దలు అనుకున్నారు. ఈవిడకు అప్పుడు పందొమ్మిదేళ్ళు. వెళ్ళి నిలబడింది. విగ్రహం మీద ముసుగు తీసిన రోజు చూసింది, మళ్ళీ గేటు లోపల అడుగు పెట్టలేదు. బడి పిల్లల కొలతలన్నీ గేటు బయటే తీసుకునేదట. సంగతి తెలిసిన పెద్దలు ఒక్కొక్కరే పోయారు, అడిగినవాళ్ళు లేరు, ఈవిడ చెప్పలేదు.

ముఖం మారుస్తున్నారన్న సంగతి నేనే చెప్పాను. ఎవరి వల్ల మారుస్తున్నారో కూడా చెప్పాను.

"మార్చండి. అక్క పేరున్నచోట అక్క ముఖం ఉండటమే న్యాయం. అక్క పేరు చెప్పి నేనేమీ కాయలమ్ముకోలేదు, నాకేం పోతుంది?"

సంతకం పెడతానంది. నేను లేచి మెట్ల దాకా వచ్చాక వెనక నుంచి అడిగింది.

"తీసేసిన ముక్కలు ఏం చేస్తారు?"

ముక్కలుండవు, పొడి అయిపోతుంది అన్నాను.

"అవునులే, రాయి కదా," అంది.

కింద కోడలు ఇంకో మాట చెప్పింది. అత్తగారికి వయసులో ఉన్న ఫోటో ఒక్కటీ లేదు. పెళ్ళికి కూడా తీయించలేదు. చిన్నప్పుడు ఎలా ఉండేదానివని మనవరాలు అడిగితే కిటికీలోంచి బడి వైపు వేలు చూపించిందట.

జూలై 4

ఏమీ రాయలేదు.

జూలై 6

ఎడంచెయ్యి ఇంటికి వెళ్ళాను. ముఖం జోలికి పోవద్దన్నాను. టీ ఇచ్చాడు, ఓపిగ్గా విన్నాడు, నా మాటలే నాకు తిప్పి చెప్పాడు. తప్పని నిరూపించింది మీరే. తెలిశాక దిద్దకపోతే అది అబద్ధమన్నదీ మీరే. ముసలావిడ బాధపడుతుందా అంటే, ఆవిడే సంతకం పెడతానంది కదా.

అది నిజమే. టీ తాగేసి లేచాను.

వస్తుంటే అన్నాడు: "గురువుగారూ, మీరు మునుపటిలా లేరు. నిజం దగ్గర మొహమాటమేంటి?"

జూలై 9

అమ్మాయి వచ్చింది. ఆల్బమ్‌లోంచి ఫోటోలు తీసి బల్ల మీద పరిచింది. ఒకదాంట్లో వాళ్ళమ్మ మరీ చిన్నది. ఒకదాంట్లో ఎవరి పెళ్ళికో ముస్తాబై ఉంది, తనలా లేదు. ఒకటి జబ్బు చేశాక తీసింది, అది తీసి సొరుగులో పెట్టేశాను. ఇంకోదాంట్లో వంటింటి గుమ్మంలో నిలబడి ముఖం పక్కకి తిప్పేసుకుంది, కళ్ళు సగం మూసి, చిరాగ్గా.

ఇదేం ఫోటో, కెమెరా వైపు చూడనే లేదు అన్నాను.

"అమ్మ ఎప్పుడు చూసింది గనక నాన్నా?"

తర్వాత చూద్దామన్నాను. వెళ్ళేముందు అన్నీ సర్దింది. ఆ ఒక్కటీ బల్ల మీదే వదిలేసింది. మర్చిపోయి ఉంటుంది.

జూలై 12

మళ్ళీ పై గదికి వెళ్ళాను. ఈసారి అక్క గురించి అడిగాను. సంచికలో ఏం రాయాలో నాకే తేలడం లేదని చెప్పాను.

ఇంట్లో అక్క తల్లి కంటే ఎక్కువట. బడిలో మాత్రం బెత్తం. చెల్లెలికి మినహాయింపు లేదని క్లాసుకు తెలియాలి కాబట్టి ఈవిడకి అందరి కంటే ఒకటి ఎక్కువ పడేది. సాయంత్రం ఇంటికి వచ్చాక ఆ చేతికి వెన్న రాసేది కూడా అక్కే. వాన పడిన రోజు పిల్లలు ఆ గదిలో ఉన్నది కూడా శిక్ష పడే. తప్పులు చేసినవాళ్ళని బడి వదిలాక ఉంచేసింది. కప్పు కదిలినప్పుడు ఒక్కొక్కరినీ రెక్క పట్టుకుని బయటికి విసిరింది.

ఇదంతా ఏ సంచికలోనూ లేదు. రాయమంటారా అని అడిగాను.

దారం కొరికి, బొత్తం లాగి చూసి, అప్పుడు చెప్పింది. "కొట్టిందీ నిజమే, చచ్చిందీ నిజమే. ఒకటి రాసి ఒకటి మానకండి."

శిల్పి ముందు ఎలా నిలబడ్డారని అడిగాను. నిలబడమన్నారు, నిలబడ్డాను, అంతే అంది. రాసుకున్నాను. కానీ ఉద్యోగంలో చేరిన కొత్తలో నా మొదటి న్యూస్ ఎడిటరు నేర్పిన పద్ధతి ఒకటుంది. సాక్షిని ఇంట్లో కూర్చోబెట్టి చెప్పమనకు, జరిగిన చోటికి తీసుకెళ్ళి చూపించమను. నోరు మర్చిపోయింది ఒళ్ళు మర్చిపోదు అనేవాడు.

సంతకం విగ్రహం దగ్గరే పెట్టిద్దామని ఎడంచెయ్యికి ఫోన్ చేశాను. ఫోటోలకు బాగుంటుందన్నాడు.

జూలై 16

విగ్రహానికి నిచ్చెన వేశారు. ముఖం చుట్టూ శిల్పి బొగ్గుతో గీతలు గీశాడు. గీతల వరకూ పోతుందట.

జూలై 17

జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

పొద్దున తరగతులు మొదలయ్యాక చేరాం. ఎడంచెయ్యి, ప్రధానోపాధ్యాయిని, నిచ్చెన దగ్గర శిల్పి, నేను. కోడలి చెయ్యి పట్టుకుని ఆవిడ గేటు దాటింది. ముసుగు తీసిన రోజు తర్వాత ఇదే. మధ్యలో ఎక్కడా ఆగలేదు. విగ్రహం ముందుకొచ్చి తలెత్తి చూసింది.

"ముక్కు నాకంటే బాగా చెక్కాడు," అంది.

ఎడంచెయ్యి కాగితం, పెన్ను తీశాడు. ఒక్క నిమిషం అన్నాను. ఆ రోజు ఎలా నిలబడ్డారో, ఇక్కడే, ఒకసారి చూపిస్తారా అని అడిగాను.

ఆవిడ ఊతకర్ర కోడలికిచ్చింది. నడుం నిటారు చేసుకుంది. కుడిచెయ్యి చాచింది, అరచెయ్యి పైకి. వేళ్ళు దగ్గరకి బిగించింది. బొటనవేలు పక్కకి లాగి గట్టిగా అదిమింది. అప్పుడు తల ఎడమకి తిప్పుకుని కళ్ళు చిట్లించి మూసింది. అలాగే ఉండిపోయింది.

పైన రాతిమనిషి, కింద ముసలిమనిషి, ఒకే భంగిమ.

"బొటనవేలు," అన్నాడు ఎడంచెయ్యి. "బెత్తం కణుపు మీద తగలకుండా అలా లాగుతాం."

ఆవిడ కళ్ళు తెరిచింది. చెయ్యి దించలేదు.

"మీ అక్క క్లాసులో ఎలా నిలబడేదో అలా నిలబడమన్నాడు శిల్పి. ఆవిడ ఎలా నిలబడేదో నేనెప్పుడు చూశాను? ఆవిడ ముందు నేనెలా నిలబడేదాన్నో అదే తెలుసు. అలాగే నిలబడ్డాను. అందరూ బాగుందన్నారు. దయగా ఉందన్నారు."

ఎడంచెయ్యి విగ్రహం అరచేతిలోని గుంట వైపు చూశాడు. తర్వాత తన ఎడమ అరచెయ్యి చూసుకున్నాడు. "అయితే ఇన్నాళ్ళూ మేము..." అని ఆగిపోయాడు. ఆ వాక్యం పూర్తి చెయ్యలేదు. నేను కూడా చెయ్యను.

పని మొదలెట్టాలా వద్దా, ఎండెక్కుతోంది అని శిల్పి అడిగాడు.

ఎడంచెయ్యి కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"నిచ్చెన తీసెయ్యండి. ఆ బొగ్గు గీతలు కడిగెయ్యండి."

"ఎంత దాకా సార్?"

"మొత్తం. నీళ్ళతోనే. చెయ్యి మాత్రం రుద్దకండి."

ప్రధానోపాధ్యాయిని ఆవిడతో, పలక మీద మీ పేరు కూడా చెక్కిస్తామంది. వద్దంది ఆవిడ. పేరు అక్కదే ఉండనివ్వమంది. వెళ్ళబోతూ ఒక అడుగు వెనక్కి వేసి, తన అరచెయ్యి ఎత్తి ఆ రాతి అరచేతిలో పెట్టింది. కొంచెంసేపే.

"చల్లగానే ఉందే," అంది కోడలితో. "పిల్లలు అంటుంటే ఏమో అనుకున్నాను."

జూలై 20

చరిత్ర రాసి ఇచ్చాను. ముఖం ఎవరిదో, చెయ్యి ఎవరిదో, ఎందుకలా చాచిందో రాశాను. కొట్టిందని రాశాను, చచ్చిందని రాశాను. పక్కన ఆ గ్రూపు ఫోటో వెయ్యమన్నాను, అక్క ముఖం కూడా జనం చూడాలి కదా. విశేషణాలు లేవు. ఎడంచెయ్యి చదివి ఒక్క మాట కూడా మార్చలేదు.

అమ్మాయి వాళ్ళమ్మ గురించి రాయలేదు. అది సంచికకు సంబంధించింది కాదు.

బడి నుంచి వస్తూ విగ్రహం దగ్గర ఆగాను. నేనా బడిలో చదవలేదు. అయినా చెయ్యి పెట్టాను. వేలికొనలతో గుంట తడిమాను. ఇందులో తనది కూడా కొంత ఉంటుంది.

జూలై 21

అమ్మాయికి ఫోన్ చేశాను. బల్ల మీద వదిలేసిందే, వంటింటి గుమ్మంలోదే, పెద్దది చేయించమన్నాను.

"అందులో అమ్మ విసుక్కుంటోంది కదా నాన్నా?"

అవునన్నాను. ఎవరి మీదో కూడా నాకు తెలుసు. అప్పుడు కెమెరా నా చేతిలో ఉంది.